రెండో మంచం మీది కాలేయం

లుంగ్ ఖమ్‌ఫన్ ఏడాదిలో మూడు వందల అరవై రెండు రోజులు రోగుల మంచాలు తోస్తాడు. మిగిలిన మూడు రోజులూ ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి ఇంకొకరు తోస్తారు. తక్కిన రోజులన్నీ ఆ మూడింటి కోసమే బతుకుతున్నట్టు మాట్లాడతాడు. మా ఎక్స్‌రే భవనంలో ఆ సంగతి తెలియనివాళ్లు లేరు.

నేను మూడో అంతస్తులో గుడ్డల గదిలో పనిచేస్తాను. ఉతికి వచ్చిన ఆపరేషన్ గౌన్లు మడతపెట్టి కిటికీలోంచి అందిస్తుంటాను. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయాక మా పిన్ని నన్నిక్కడ పెట్టించింది. కిటికీకి ఎదురుగానే ఖాళీ మంచాలు నిలిపే చోటు ఉంది. తోసేవాళ్లు నలుగురూ అక్కడే కూర్చుంటారు, అక్కడే తింటారు, అక్కడే ఒకరినొకరు ఏడిపించుకుంటారు. నేను నోరు తెరిచేది తక్కువ కాబట్టి అక్కడ నేనున్నానన్న సంగతి వాళ్లకు గుర్తుండదు. లుంగ్ గురించి నాకు తెలిసిందంతా ఆ కిటికీలోంచి తెలిసిందే.

మా వైపు పెద్దవయసు మగవాళ్లను లుంగ్ అని, ఆడవాళ్లను మే అని వరసపెట్టి పిలుస్తాం. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ఖోన్‌కెన్ పట్నానికి కింద, చీ నది ఒడ్డు ఊళ్లో పుట్టాడు. ఎండబెట్టిన చేపలా సన్నగా ఉంటాడు. పక్కటెముకలు చొక్కా మీంచే లెక్కపెట్టొచ్చు. ఎంత వండిపెట్టినా ఎటు పోతుందో తెలియదని ఆయన భార్య మే బువాలై వాపోతుంది. కానీ ఆయన పేరు తెచ్చుకున్నది ఆ పక్కటెముకల వల్లనే.

మా వైపు పచ్చిచేప తినేవాళ్లు ఎక్కువ. నదిలోంచి తీసిన చేపను సన్నగా తరిగి, నిమ్మరసం, కారం, వేయించిన బియ్యప్పిండి కలిపి అలాగే తినేస్తారు. దాన్ని కోయ్ అంటాం. ఆ చేపతోపాటు లోపలికి పోయిన పురుగు కాలేయంలోని పసరు నాళాల్లో కాపురం పెడుతుంది. ఏళ్లు గడిచాక నాళాలు పూడుకుపోయి మనిషి పసుపుకొమ్ములా తయారవుతాడు. అప్పుడు పొట్ట కోయకుండా, పక్కటెముకల సందులోంచి సన్నటి సూదిని కాలేయంలోకి దించి, దాని వెంట గొట్టం వేసి, నిలవ ఉన్న పసరును బయటికి తీస్తారు. అంతా తెర మీద చూసుకుంటూ చేయాలి. పుస్తకం చదివితే వచ్చే పని కాదు, చేతికి రావాలి. అందుకే ఏటా చలికాలంలో మా విభాగంలో డాక్టర్లకు మూడు రోజుల శిక్షణ పెడతారు. చుట్టుపక్కల జిల్లాల నుంచి, మెకాంగ్ నది అవతలి దేశంలోని వియెంటియాన్ నుంచి కూడా వస్తారు. పొద్దున పూట సూది లేకుండా, బతికున్న మనిషి మీద స్కానింగ్ పిడి ఆనించి దారి వెతకడం నేర్చుకుంటారు. మధ్యాహ్నం బజారు నుంచి తెచ్చిన పంది కాలేయాల్లో సూదులు గుచ్చుతారు.

పొద్దున పూట పడుకునే ఆ బతికున్న మనిషే లుంగ్.

ఎనిమిదేళ్ల కిందట ఆ పనికి ఒక కుర్ర విద్యార్థిని పిలిచారట. వాడికి చక్కిలిగిలి. పిడి పక్కలో ఆనిస్తే చాలు మంచమంతా దొర్లి నవ్వాడట. అప్పటి ఆజాన్, అంటే శిక్షణ ఇచ్చే పెద్ద డాక్టరు ప్రదిత్ గారు, విసుక్కుని వరండాలోకి వచ్చారు. ఎదురుగా లుంగ్ ఖాళీ మంచం తోసుకుంటూ పోతున్నాడు. ఆ మంచం మీదే పడుకోమన్నారు. ఏదో తప్పు చేసి దొరికిపోయాననుకుని లుంగ్ గజగజలాడుతూ పడుకున్నాడు. పిడి పట్టిన కుర్ర డాక్టరు ఊపిరి బిగబట్టమని చెప్పి, తెర మీద కాలేయం కనబడిన సంబరంలో వదలమని చెప్పడం మరిచిపోయాడు. లుంగ్ చిన్నప్పుడు నది అడుగుకు దిగి చేపబుట్టలు కట్టినవాడు. బిగబట్టినవాడు బిగబట్టినట్టే ఉన్నాడు. ముఖం వంకాయ రంగుకు తిరిగాక ఆజాన్ ప్రదిత్ చూసి, డాక్టరును నాలుగు తిట్టి, నీకేం పుట్టింది, ఊపిరి తీసుకోవద్దా అని లుంగ్‌ను అడిగారు.

“వదలమని మీరు చెప్పలేదు గదా, ఆజాన్” అన్నాడట లుంగ్.

ఆ రోజునుంచి ఆ మంచం ఆయనది.

అదే రోజు ఆజాన్ ప్రదిత్ ఆయన కాలేయాన్ని ఆయనకే తెర మీద చూపించారు. నాళాల గోడలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఈ ఇంట్లో నిన్ను అడక్కుండా ఎవరో దిగారు అని చెప్పి మాత్రలిచ్చారు. ఇక మీదట పచ్చిచేప ముట్టకపోతే వచ్చే ఏడు మళ్లీ పిలుస్తానన్నారు. మే బువాలై ఇరవై ఏళ్లు పోరినా మానని కోయ్‌ను లుంగ్ ఆ పూటనుంచి మానేశాడు. ఆ సంగతి చెప్పుకోవడానికి మే బువాలైకి నామోషీ లేదు. పెళ్లాం మాట వినకపోతేనేం, మంచం మాటైనా విన్నాడు అంటుంది.

తరవాతి ఏళ్లలో లుంగ్ ఆ పనిలో పండిపోయాడు. మంచం మీద పడుకుని తనను తోస్తున్నవాడి పనితనాన్ని విమర్శించేవాడు: మలుపులో నెమ్మది, గడప దగ్గర ముందు చక్రాలు ఎత్తు, లోపల మనిషి ఉన్నాడు, మూట కాదు. తోసేవాళ్లలో పెద్ద నోరున్నది థిత్ కెన్‌కు. మూడు వర్షాకాలాలు సన్యాసిగా ఉండి వచ్చినవాడు కాబట్టి థిత్ అంటారు. మనిషి ఉన్నాడో మూట ఉందో స్కానింగులో చూసి చెప్తాలే అని అతను తిరిగి అనేవాడు. గదిలోకి వెళ్లాక లుంగ్ తెరవైపు మెడ తిప్పి డాక్టర్లకు దారి చెప్పేవాడు. ఇంకొంచెం పైకి జరపండి, ఏడో ఎముక సందులోంచైతే బాగుంటాను అనేవాడు. కాలేయం బాగుంటుందని కాదు, తను బాగుంటానని.

ఒక్క కష్టం మాత్రం ఉండేది. కాలేయం కింద వేలాడే పసరుతిత్తి కనబడాలంటే కడుపు ఖాళీగా ఉండాలి. ఏదైనా తింటే ఆ తిత్తి తనలోని పసరంతా పిండేసి ముడుచుకుపోతుంది. అందుకని ముందు రాత్రి నుంచి ఏమీ తినకూడదు. మా ఊళ్లలో అది చాలా కష్టం. నలుగురు తింటున్న చోటి మీదుగా ఒకడు నడిచిపోతే రమ్మని పిలవకపోవడం తప్పు, పిలిచాక ఒక్క ముద్దయినా తినకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఆ మూడు పొద్దులూ లుంగ్ నా గుడ్డల గదిలో దాక్కునేవాడు. గౌన్ల మూట మీద గోడవైపు తిరిగి కూర్చుని, ఎవరైనా అడిగితే నేను లేనని చెప్పు అమ్మడూ అనేవాడు. నేను ఎటూ ఎవరికీ ఏమీ చెప్పను కదా, అందుకే ఆయనకు నా గది నచ్చింది.

పోయిన ఏడు ఆజాన్ ప్రదిత్ రిటైరయ్యారు. బ్యాంకాక్ నుంచి ఆజాన్ రిన్‌రదా వచ్చారు. చిన్న వయసే. ఆవిడంటే గిట్టని నర్సులు కూడా ఆ చెయ్యి మాత్రం బంగారం అంటారు. సూది దించితే ఒక్కసారికే నాళంలో పడుతుంది. మాటే కొంచెం బిగువు. ఆవిడ బ్యాంకాక్ మాటకు మా ముసలివాళ్లు సగం అర్థమై సగం కాక అన్నింటికీ తలూపుతారు. ఏమీ తినలేదని చెప్పి, మత్తుమందు ఇచ్చాక మంచం మీద వాంతి చేసుకున్నవాళ్లు ఆవిడ వచ్చిన కొత్తలోనే ఇద్దరు తగిలారు. ఒక్క పూట తిండి కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే ఈ అబద్ధాలేమిటని ఆవిడ నర్సుల్ని అడిగారు.

శిక్షణకు నెల ముందు ఒక పెద్ద పెట్టె వచ్చింది. అందులో తలా కాళ్లూ లేని రబ్బరు మొండెం ఉంది. స్విచ్ వేస్తే మోటారుతో ఊపిరి పీలుస్తుంది. లోపల రబ్బరు కాలేయం, నాళాలు, తిత్తి అన్నీ ఉన్నాయట. పైగా సూదులు కూడా గుచ్చుకోవచ్చట. అంతా దానికి రబ్బరాయన అని పేరు పెట్టారు. దాన్ని కిందినుంచి పైకి తెచ్చే పని లుంగ్ మీదే పడింది. అలవాటు కొద్దీ ఆయన దానికి దుప్పటి కప్పి, పక్క కమ్మీలు పైకెత్తి, మలుపుల్లో నెమ్మదిగా తోసుకొచ్చాడు. లిఫ్టులో ఒక ముసలావిడ దుప్పటి చూసి జాలిపడి, పాపం ఏం జబ్బని అడిగిందట.

“జబ్బేం లేదు. నా పని చెయ్యడానికొచ్చాడు” అన్నాడట లుంగ్.

ఆ మర్నాడు ఆజాన్ రిన్‌రదా ఆయన్ని పిలిచి దాచకుండా చెప్పారు. ఈసారికి రెండు మంచాలు వేస్తారు. మొదటి దాని మీద రబ్బరాయన, రెండో దాని మీద లుంగ్. డాక్టర్లు మొదటి మంచం దగ్గర కూడా అంతే బాగా నేర్చుకుంటే, వచ్చే ఏటినుంచి రెండో మంచం ఉండదు. మనిషిని పస్తు పెట్టి గంటలకొద్దీ పడుకోబెట్టడం తనకు ఇష్టం లేదని కూడా అన్నారు. మంచిమాటే. లుంగ్ చేతులు జోడించి, చాలా బాగుంది ఆజాన్ అని బయటికి వచ్చాడు. ఆ తరవాత ఒక మంచాన్ని బ్రేకు తియ్యకుండా వరండా చివరిదాకా తోసుకుపోయాడు. చక్రాలు కీచుమన్న చప్పుడుకు నర్సులంతా బయటికి వచ్చి చూశారు.

మధ్యాహ్నం బువ్వల దగ్గర థిత్ కెన్ ఊరుకోలేదు. మంచం పోతే పోయింది, కోయ్ ఉందిగా, ఎనిమిదేళ్లది ఒక్క పూటలో లాగించెయ్యి అన్నాడు. అలాంటి మాటకు లుంగ్ ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటుంది: నా లివరు చదువుకున్నది, నీ లివరులా వానపాముల సత్రం కాదు అంటాడు. ఆ రోజు అనలేదు. జిగురన్నం ముద్దను వేళ్ల మధ్య నలుపుతూ కూర్చున్నాడు. మిగతా ముగ్గురూ నమలడం ఆపేశారు. థిత్ కెన్ వాళ్ల అన్న ఆ పురుగు వల్లే పసుపు పచ్చగా మారి, ఈ భవనంలోనే చనిపోయాడు. తన వేళాకోళానికి తనకే భయం వేసినట్టుంది, సాయంత్రం సైకిలు వేసుకుని మే బువాలై దగ్గరికి వెళ్లాడు.

రెండు రోజులకు ఆవిడ నా కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో నిమ్మకాయల సంచి ఉంది. రాత్రిళ్లు పడుకుని పైకప్పు చూస్తున్నాడమ్మా, నిన్న చేపలవాడిని ఆపి బేరం చేశాడు, కొనలేదనుకో, కానీ బేరం చేశాడు అంది. నువ్వు రోజూ ఆ డాక్టరమ్మకు గౌన్లు ఇస్తావు కదా, ఒక్క మాట చెప్పు అంది. చెప్తానని తలూపాను. మర్నాడు ఆజాన్ గదికి గౌన్లు తీసుకెళ్లి నిలబడ్డాను. ఏంటని ఆవిడ అడిగారు. ఎం సైజా, ఎల్ సైజా అని అడిగాను. రోజూ ఎమ్మేగా అన్నారు. తిరిగి వచ్చేశాను.

చివరికి మే బువాలై తన దారి తను చూసుకుంది. బ్రేకు తియ్యకుండా మంచం తోశాడంటే మనిషిలో ఖ్వన్ లేదన్నమాట. ఖ్వన్ అంటే ఒంట్లో కాపురముండే జీవం. బెంగపడితే, భయపడితే అది జారుకుని ఎటో తిరుగుతుంది. దాన్ని పిలిచి, చేతికి తెల్లదారాలు కట్టి, మళ్లీ ఒంట్లో కట్టిపడేయాలి. శిక్షణ మొదలయ్యే రోజున తెల్లవారి ఆరింటికి, మంచాలు నిలిపే చోటే చాప పరిచింది. అరటాకు గోపురం, బంతిపూలు, జిగురన్నం, ఉడకబెట్టిన గుడ్లు పెట్టింది. థిత్ కెన్ చొక్కా గుండీలు పెట్టుకుని, గొంతు సవరించుకుని, నదుల వెంట అడవుల వెంట తిరుగుతున్న ఖమ్‌ఫన్ ఖ్వన్‌ను ఇంటికి రమ్మని రాగయుక్తంగా పిలిచాడు. రాత్రి డ్యూటీ దిగిన నర్సులు కూడా వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరే దారం కడుతూ దీవించారు. నీ లివరు అద్దంలా మెరవాలని ఒకరు, కడుపులో గాలి లేకుండా ఉండాలని ఒకరు, రబ్బరాయన మోటారు కాలిపోవాలని ఒకరు. పరాయివాడి చెడు కోరితే దీవెన తిరగబడుతుందని థిత్ కెన్ ఆ మూడో మనిషిని కసిరాడు. లుంగ్ కళ్లు తడిగా ఉన్నాయి. ఏడు దారాలు, పది దారాలు, మోచేతిదాకా తెల్లగా అయింది.

దారాలు కట్టాక అరచేతిలో గుడ్డు పెడతారు. ఖ్వన్ వచ్చింది కదా, అది నిలవాలంటే ఆ మనిషి గుడ్డు తినాలి. మే బువాలై పెట్టింది. లుంగ్ తిన్నాడు.

అక్కడున్న ప్రతి ఒక్కరూ రోజూ పదిమంది రోగులకు నీళ్లు కూడా ముట్టొద్దని చెప్పేవాళ్లే. వాళ్లు ఆనుకుని కూర్చున్న మంచానికే ‘ఆహారం, నీళ్లు నిషేధం’ అన్న అట్ట వేలాడుతోంది. ఒక్కరికీ తట్టలేదు. నాకు తట్టింది. కిటికీ సగం తెరిచాను. పెద్దవాళ్లు ఖ్వన్ గుడ్డు తినిపిస్తుంటే మధ్యలో ఆపమని ఎలా అనాలి, ఆపితే ఖ్వన్‌కు ఏమవుతుంది, అసలు ఎవరిని పిలిచి చెప్పాలి అని నేను ఆలోచించుకునేలోపల గుడ్డు అయిపోయింది. మే బువాలై ఇంకొకటి ఒలిచింది.

ఎనిమిదింటికి థిత్ కెన్ ఆయన్ని తోసుకెళ్లాడు. ఆ రోజు మలుపుల గురించి లుంగ్ ఏమీ అనలేదు. మంచం మీద పడుకుని, పెళ్లికొడుకులా నవ్వుతూ వెళ్లాడు. జెల్ తుడిచే తువ్వాళ్ల కట్ట పట్టుకుని నేను వెనక వెళ్లాను.

పద్దెనిమిది మంది డాక్టర్లు రెండు జట్లుగా నిలబడ్డారు. మొదటి మంచం దగ్గర రబ్బరాయన ఒక్క తీరుగా ఊపిరి పీలుస్తున్నాడు. ఎవరు పిడి ఆనించినా నిమిషంలో అన్నీ కనబడుతున్నాయి. ఆజాన్ కాగితం మీద టిక్కులు పెట్టుకుంటున్నారు. రెండో మంచం దగ్గర కూడా మొదట అంతా బాగానే నడిచింది. ఇంత శుభ్రమైన కాలేయం ఈ జిల్లాల మనిషిదంటే నమ్మలేమని రోయ్ఎట్ నుంచి వచ్చిన డాక్టరు మెచ్చుకున్నాడు. మాది ఈ జిల్లానే అని లుంగ్ కొంచెం నొచ్చుకున్నాడు. తరవాత పసరుతిత్తి వంతు వచ్చింది.

రోయ్ఎట్ డాక్టరు పైన చూశాడు, కింద చూశాడు, పక్కకు తిరగమన్నాడు. కనబడలేదు. పిడి ఇంకొకరికి ఇచ్చాడు. ఆయనకూ కనబడలేదు. వియెంటియాన్ నుంచి వచ్చిన డాక్టరమ్మ చాలాసేపు వెతికి, ఆపరేషన్ చేసి తీసేసినట్టున్నారు అంటూ కాగితం మీద అదే రాసుకుంది. మెడ తిప్పి తెర చూస్తున్న లుంగ్‌కు కంగారు పుట్టింది.

“ఉంటదండీ, సరిగా చూడండి. నిరుడు కూడా ఉంది” అన్నాడు.

సందడి విని ఆజాన్ రిన్‌రదా వచ్చారు. చొక్కా ఎత్తి చూశారు. కోత గుర్తు లేదు. పిడి తనే తీసుకుని కాలేయం అంచునుంచి మెల్లగా జారుస్తూ ఒకచోట ఆగారు. తిత్తి అక్కడే ఉంది. ఎండుమిరప తొక్కలా ముడుచుకుని ఉంది.

ఏమైనా తిన్నారా అని అడిగారు. లేదన్నాడు లుంగ్. నీళ్లు, కాఫీ, ఏదైనా? రాత్రినుంచి ఏమీ ముట్టలేదన్నాడు. ఆ ముఖంలో వెంట్రుకంత తడబాటు కూడా లేదు. ఆవిడ మళ్లీ అడిగారు. ఆయన మళ్లీ లేదన్నాడు. ఆవిడ పిడిని దాని కొక్కేనికి తగిలించి, చేతికంటిన జెల్ తుడుచుకుని, గొంతు పెంచకుండా డాక్టర్లవైపు తిరిగి అన్నారు.

“నేను రబ్బరు బొమ్మ ఎందుకు తెప్పించానో మీకు వేరే చెప్పక్కర్లేదు. అది అబద్ధం ఆడదు.”

లుంగ్‌కు ఆ మాట అర్థమైంది. లేచి కూర్చోబోయి, లేవకూడదని గుర్తొచ్చి మళ్లీ పడుకున్నాడు. పైకప్పు చూస్తున్నాడు. ఎనిమిదేళ్లలో ఆయన్ని ఎవరూ ఆ మంచం మీద అబద్ధాలకోరు అనలేదు. నా చేతిలో తువ్వాళ్లు ఉన్నాయి. గొంతులో మాట ఉంది. రెండూ అక్కడే ఉన్నాయి.

వెనక వరసలోంచి డాక్టర్ ఉదోమ్ ముందుకు వచ్చారు. నోంగ్‌బువా లంఫూ ఊరి ఆస్పత్రి నుంచి వచ్చారు. బొజ్జ ఉంటుంది, జుట్టు నెరిసింది, మా మాటే మాట్లాడతారు. మంచం పక్కన వంగి లుంగ్ చెయ్యి పట్టుకుని, మణికట్టునుంచి మోచేతిదాకా ఉన్న దారాలు చూశారు.

“పెద్దయ్యా, ఒకటా, రెండా?”

“రెండు” అన్నాడు లుంగ్. “ఒకటి మామూలుగా పెట్టేదే. రెండోది మా ఆవిడ ఊరుకోలేదు.”

మా వైపు డాక్టర్లంతా ఒక్కసారిగా నవ్వారు. ఆజాన్‌కు ఏమీ అర్థం కాలేదు. రెండు ఏమిటి అని అడిగారు. గుడ్లు అని డాక్టర్ ఉదోమ్ చెప్పారు. ఆవిడ లుంగ్‌వైపు తిరిగి, మరి ఏమీ తినలేదన్నారే అన్నారు. లుంగ్ నిజంగానే తెల్లబోయాడు. తినలేదు ఆజాన్, అది ఖ్వన్ గుడ్డు కదా అన్నాడు. అది ఖ్వన్ కోసం తినేది, దాన్ని తిండి కింద లెక్కెయ్యడమేమిటని ఆయన సందేహం.

డాక్టర్ ఉదోమ్ నవ్వు ఆపుకుని చెప్పారు. సూది వేసే రోజంటే ఊరు ఊరంతా భయపడుతుంది. రోగి బయల్దేరేముందు దారాలు కట్టకుండా ఏ ఊరూ పంపదు. దారాలు కట్టాక గుడ్డు పెట్టకుండా ఏ తల్లీ ఊరుకోదు. తన దగ్గరికి వచ్చే వాళ్లలో తిన్నానని ఒప్పుకున్నవాడు ఇంతవరకు లేడు, వాళ్లలో అబద్ధమాడిన వాడూ లేడు. “తిన్నారా అని నేను అడగడం మానేసి పదేళ్లయింది. చేతులు చూస్తాను” అన్నారు. తను గుడ్డు పెంకులు సంచిలో ఉన్నాయేమో చూస్తానని కాలసిన్ నుంచి వచ్చిన డాక్టరు అందుకున్నాడు.

ఆజాన్ రిన్‌రదా నర్సువైపు తిరిగారు. వాంతి చేసుకున్న ఆ ఇద్దరి చేతులకూ దారాలు ఉన్నాయా అని అడిగారు. ఒకాయనకు మోచేతిదాకా ఉన్నాయి, సెలైన్ పెట్టడానికి పైకి జరిపాం అంది నర్సు. ఇంకొకరికి రెండు చేతులకూ ఉన్నాయి. ఆజాన్ అక్కడున్న స్టూలు మీద కూర్చున్నారు.

“వాళ్లిద్దరూ అబద్ధం చెప్పారని కేసు కాగితాల్లో రాశాను నేను” అన్నారు.

రబ్బరాయన మోటారు ఒక్కటే చప్పుడు చేస్తోంది. ఆవిడ స్టూలును మంచం దగ్గరికి జరుపుకుని లుంగ్‌ను అడిగారు, మరి నేను ఎలా అడగాలి అని. లుంగ్ అటూ ఇటూ చూశాడు. ఎనిమిదేళ్లుగా ఆయన డాక్టర్లకు ఎముకల సందులు చూపించాడు గానీ, ఒక ఆజాన్ ఆయన్ని ఇలా అడగడం మొదటిసారి.

“తిన్నారా అని అడక్కండి ఆజాన్. దారాలు ఎవరెవరు కట్టారని అడగండి. వరసపెట్టి చెప్తారు, అత్త కట్టింది, బావమరిది కట్టాడు అని. ఆ వరస చివర గుడ్డు దానంతటదే బయటికొస్తుంది.”

డాక్టర్లు రాసుకున్నారు. ఆ తరవాత ఆజాన్ రెండు జట్లనూ రెండో మంచం దగ్గరికే పిలిచారు. ఒక్కొక్కరే వచ్చి లుంగ్‌ను రోగి అనుకుని ప్రశ్నలు అడగాలి. లుంగ్‌కు ఇక పట్టపగ్గాల్లేవు. ఒకరికి చెవుడున్న ముసలాయన అయ్యాడు. ఒకరికి ప్రతిదానికీ అవునవునని తలూపే కొత్తల్లుడు అయ్యాడు. వియెంటియాన్ డాక్టరమ్మకు, చుట్టాలంతా వచ్చి దారాలు కట్టిన రోగిగా, ఆ నలభై రెండు మంది పేర్లూ ఊళ్లతో సహా చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ పాపం అన్నీ రాసుకుంది. అరగంటకోసారి ఆజాన్ పిడి ఆనించి తిత్తి ఎంతవరకు విప్పారిందో చూపించారు. భోజనం వేళకు అది సగం నిండింది. అంతా ఆ తెరవైపే చూస్తుంటే, రబ్బరాయన్ని ఆపడం ఎవరికీ గుర్తులేక అది ఒంటరిగా మధ్యాహ్నం దాకా ఊపిరి పీలుస్తూనే ఉంది.

ఆ పూట బువ్వల దగ్గర థిత్ కెన్ కోయ్ ఊసు తీసుకొచ్చాడు. మాట కలపడానికి తీసినట్టే తీశాడు గానీ కళ్లు లుంగ్ ముఖం మీదే ఉన్నాయి. నా లివరుకు ఇంకా రెండు రోజులు పనుంది, నీ సత్రంలో వానపాములకే పెట్టుకో అన్నాడు లుంగ్. థిత్ కెన్ ఎంత సంతోషపడ్డాడంటే, తిరిగి తిట్టడం కూడా మరిచిపోయాడు.

మూడో రోజు సాయంత్రం డాక్టర్లంతా పత్రాలు తీసుకుని వెళ్లిపోయాక ఆజాన్ రిన్‌రదా మంచాలు నిలిపే చోటికే వచ్చారు. ఆవిడ అక్కడికి రావడం మేమెప్పుడూ చూడలేదు. నలుగురూ లేచి నిలబడ్డారు. సూదులు గుచ్చడానికి రబ్బరాయన ఉంటాడని, కానీ రెండో మంచం ప్రతి ఏడూ ఉంటుందని, దాని మీద లుంగ్ ఉండాలని చెప్పారు. లుంగ్ చేతులు జోడించాడు. ఒక్క మార్పు అన్నారు ఆవిడ. రెండు రోజులు మామూలుగా ఖాళీ కడుపుతో రావాలి, మొదటి రోజు మాత్రం గుడ్డు తిని రావాలి. డాక్టర్లకు ముందే చెప్పరు. వాళ్లే అడిగి తెలుసుకోవాలి.

లుంగ్ తల గోక్కున్నాడు. కుదరదేమో ఆజాన్ అన్నాడు. మిగతా ముగ్గురూ ఉలిక్కిపడి ఆయన్ని చూశారు. ఏం కుదరదని ఆవిడ అడిగారు. ఊరికే గుడ్డు తినడం కుదరదన్నాడు. చాప వేయాలి, ఖ్వన్‌ను పిలవాలి, దానికి థిత్ కెన్ డ్యూటీ మార్చాలి, దారాలు కట్టడానికి నలుగురు రావాలి, మా ఆవిడ గుడ్డు ఒలవాలి అన్నాడు. ఆజాన్ ఓపిగ్గా విన్నారు. అదంతా ఎందుకు, ఇంట్లో ఒక గుడ్డు ఉడకబెట్టుకుని తినేసి రండి, పసరుతిత్తికి ఏ గుడ్డయినా ఒకటే కదా అన్నారు.

“తిత్తికి ఒకటేనండీ. నాకు కాదు” అన్నాడు లుంగ్. “ఊరికే తిన్నాననుకోండి, డాక్టర్‌గారొచ్చి తిన్నావా అంటే తిన్నానని చెప్పేస్తాను. లేదని ఎలా అంటాను?”

ఆజాన్ రిన్‌రదా గౌను జేబులోంచి పెన్ను తీసి, మే బువాలై ఫోన్ నంబరు చెప్పమన్నారు.